జంగ్ పట్టిన దునాలి

ఉర్దూలో తుప్పును జంగ్ అంటారు. యుద్ధాన్నీ జంగ్ అంటారు. రాతలో మాత్రం తేడా ఉంది. తుప్పుకు ‘జే’ రాయాలి, యుద్ధానికి ‘జీమ్’ రాయాలి. సాలార్ జంగ్ పేరు చివర ఉన్నది రెండోది. వాడకుండా మూలన పడేసిన తాళంచెవికి పట్టేది మొదటిది. మా స్కూల్లో ఇమ్లా చెప్పేటప్పుడు ఉస్తాద్ ఈ రెండు మాటల్నీ పక్కపక్కనే ఇచ్చేవారు. తెలుగు లిపిలోకి వచ్చేసరికి రెండూ ఒకటైపోతాయి. తెలుగులో డిగ్రీ చేసిన నాకు ఇదొక కొరతగానే కనిపించేది. ఈమధ్య ఒక పాత బందూక్ కాగితాలు చదివాక, ఆ కలిసిపోవడంలో కూడా కొంత నిజం ఉందనిపించింది.

ఉస్మానియా క్యాంపస్‌లో పాఠాలు చెప్పి రిటైరై, తార్నాకలో ఉంటున్న ఒక సార్‌తో నాకు చాలా ఏళ్ల పరిచయం. గోడ గడియారాలు, గ్రామఫోన్లు కొని బాగుచేసుకోవడం ఆయన షౌక్. ఆయుధ లైసెన్స్ కూడా ఉంది. కాచిగూడలో ఒక ముస్లిం ఖాందాన్ వాళ్లు తమ దాదా నాటి దునాలి బందూకును అమ్మాలనుకుంటున్నారని, అది ఒక లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర డిపాజిట్‌లో ఉందని ఆయనకు ఖబర్ అందింది. బందూక్‌తో పాటు ఒక తోలుసంచి, అందులో ఉర్దూ కాగితాలు. సార్ ఉర్దూ బాగా మాట్లాడతారు గాని చదవలేరు. విచిత్రమేమిటంటే ఆ ఖాందాన్ పిల్లలదీ అదే హాలత్. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, చదివింది ఇంగ్లీష్ మీడియం. “ఒకసారి వచ్చి చదివిపెట్టవయ్యా” అని సార్ నన్ను పిలిచారు. కొనేవాడిగా కాదు, చదివేవాడిగా వెళ్లాను.

చూడగానే ‘దీన్నేం బాగుచేస్తారు’ అనిపించే సామాను అది. రెండు నాలీల మీదా గోధుమరంగు జంగ్. కుడివైపు ఘోడా సగం విరిగింది. కుందా సన్నబడే చోట నిలువునా చీలితే ఎవరో ఇత్తడి తీగతో బిగించి చుట్టారు. నాలీల మధ్య పట్టీ మీద అమ్మిన దుకాణం పేరు అరిగిపోయి ‘బొంబాయి’ ఒక్కటే మిగిలింది. నాలీలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే, వెనక చెక్కకీ నాలీకీ మధ్య సన్నటి గీతలా కాంతి కనిపించింది. అంటే జాయింటు వదులైంది.

బందూక్ అనే మాట ఎక్కడిదో చెప్పుకుంటే మిగతా కథకు దారి దొరుకుతుంది. అరబ్బీలో ‘బుందుక్’ అంటే హేజెల్ కాయ. ఆ కాయలా గుండ్రంగా ఉండే గుండుకూ అదే పేరు పడింది. గుండు పేరు దాన్ని విసిరే ఆయుధానికి వచ్చింది. మన తుపాకీ తుర్కీ, ఫార్సీల దారిన తెలుగులోకి వచ్చింది. కారతూస్ ఐరోపా వాళ్ల మాట. ఒక దునాలిని చేతిలోకి తీసుకుంటే మూడు దారుల మాటలు కలిసినట్టే. ‘బారా బోర్’ అనే మాటలోని పన్నెండు మరీ సాదాగా ఉంటుంది. ఒక పౌండు సీసాన్ని 12 సమానమైన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో, ఆ నాలీ అంత వెడల్పు. సుమారు 18.5 మిల్లీమీటర్లు.

ఈ రకం బందూకులకు సొంత జన్మపత్రిక ఉంటుంది. అది బయటికి కనిపించదు. నాలీలు విప్పి బోర్లా తిప్పితే కింద చదునైన చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. ఇంగ్లాండ్‌లో తయారైన నాలీని అమ్మే ముందు మామూలుకంటే ఎక్కువ మందు దట్టించి పేల్చి చూడాలి. పగలకుండా నిలబడితే ముద్ర వేస్తారు. బర్మింగ్‌హామ్‌లో ఈ పరీక్ష కోసం 1813లో ఒక ఇల్లే పెట్టారు. 1868లో దీనికి విడిగా చట్టం కూడా వచ్చింది. కిరీటం బొమ్మ, దాని కింద అక్షరాలు. వాటిలో ‘ఎన్‌పి’ ఉంటే పొగ రాని కొత్తరకం నైట్రో మందుకు ఆ నాలీ తట్టుకుందని అర్థం. సార్ చూసిన దునాలి మీద కిరీటాలున్నాయి, ‘ఎన్‌పి’ లేదు. అంటే అది నల్లమందు కాలం నాలీ. ఇప్పటి కారతూస్ దానికి పనికిరాదు. పైగా ఆ నాటి గదులు చాలావాటికి 65 మిల్లీమీటర్ల కారతూసే సరిపోతుంది. ఇప్పుడు ఎక్కువగా దొరికేది 70. పొడుగు కారతూస్ లోపలికి దూరుతుంది, పేలేటప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటుండదు, లోపల ఒత్తిడి పెరుగుతుంది. పాత నాలీలు పగలడానికి ఇదొక కారణం. ‘బాగానే పట్టింది కదా’ అనుకుని పేల్చిన వాళ్లకు వేళ్లు పోయిన సందర్భాలు ప్రపంచమంతా ఉన్నాయి.

జంగ్ కింద ఇంకో సంగతి ఉంది. నూనె గుడ్డతో ఒక చోట మెల్లగా తుడిస్తే లోహం మీద అలలు అలలుగా గీతలు తేలాయి. దీన్ని డమాస్కస్ నాలీ అంటారు. ఫౌలాద్ మీద ఇలా కనిపించే నీటి అలలకు ఫార్సీ, ఉర్దూలలో చక్కని పేరుంది. జౌహర్. మనిషి లోపలి గుణానికి కూడా అదే మాట. ఈ పేర్లు చూసి ఇది మన తెలంగాణ ఉక్కు కళే అనుకుంటారు కొందరు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం ఇరాన్ తాజిర్లు అక్కడిదాకా వచ్చేవారు. 19వ శతాబ్దం మొదట్లో హెన్రీ వోయ్‌జీ అనే ఇంగ్లీషాయన ఆ పని కళ్లారా చూసి రాశాడు. ఉక్కు అనే మన మాటే ఐరోపాలో ‘ఉట్జ్’ అయింది. ఆ ఉక్కు కత్తుల మీది జౌహర్ లోహంలోనే పుట్టింది. బందూక్ నాలీల మీది అలలు వేరు. ఇనుము, ఉక్కు కడ్డీలను జడలా మెలితిప్పి, ఒక కమ్మీ చుట్టూ చుట్టి, కాల్చి కొట్టి అతికితే వచ్చినవి. పేరు ఒకటి, హునర్ రెండు. గర్వపడే ముందు ఈ తేడా తెలుసుకోవడం మంచిది. ఎందుకంటే బాగుచేసే పని కూడా దీని మీదే ఆధారపడి ఉంటుంది. ఎమెరీ కాగితం పెట్టి తెల్లగా రుద్దితే తుప్పుతో పాటు జౌహర్, ముద్రలు, దుకాణం పేరు అన్నీ పోతాయి. కొత్త తుపాకుల్లా వేడి రసాయనంలో ముంచి నల్లరంగు తెప్పించబోతే, రెండు నాలీలను కలిపిన మెత్తటి టాంకా వదిలిపోయే ప్రమాదం ఉంది. గోడ పల్చబడితే నాలీ చూడ్డానికి మెరుస్తుంది, లోపల చచ్చిపోతుంది.

ఇక తోలుసంచిలోని కాగితాలు. మొదటిది నిజాం జమానా పర్వానా. కొత్వాలీ మొహర్, కింద తారీఖు. 1345 ఫస్లీ, బహమన్ నెల. హైదరాబాద్ రియాసత్‌లో సర్కారీ లెక్కలన్నీ ఫస్లీ సంవత్సరంలోనే ఉండేవి. 590 కలిపితే మన సన్ వస్తుంది. ఏడాది ఆజుర్‌తో అక్టోబర్‌లో మొదలవుతుంది గనక బహమన్ అంటే 1935 డిసెంబర్. హులియా రాసి ఉంది. చామనఛాయ, ఎడమ కనుబొమ మీద మచ్చ. ఆ కింద ‘గరజ్’ అనే గడి. బందూక్ దేనికి కావాలి అని. అక్కడ ముత్యాల్లాంటి అక్షరాలతో రాశారు: ఫసల్ కీ హిఫాజత్. పంట కాపాడుకోవడానికి.

ఇది చదివినప్పుడు ఆ ఖాందాన్ మనవడు, ఇరవై ఏళ్లవాడు, నా మొహంలోకి చూశాడు. వాళ్లింట్లో మూడు తరాలుగా చెప్పుకునే కథ ఒకటుంది. దాదా ఈ దునాలితో షేర్‌ను కొట్టాడని. “అయితే షేర్ కహానీ ఝూటా అంకుల్?” అన్నాడు. కాగితం వెనక కారతూస్ కొన్న లెక్క ఉంది. 13 ఏళ్లలో నాలుగుసార్లు, అదీ చిన్న ఛర్రాలు. ఆ కారతూస్ పులికి కాదు, పొలం మీద పడే అడవిపందినీ పిట్టల్నీ తరమడానికి. నేను ఆ పిల్లవాడితో అన్నాను: “మీ దాదా పొలం కాపాడుకున్నాడు బేటా. షేర్‌ను కొట్టిన నవాబులు చాలామంది ఉన్నారు, వాళ్లకు ఫోటోలున్నాయి. పంట కాపాడుకున్న వాళ్లకు ఈ కాగితమే ఉంది.”

ఫోటోల మాట ఊరికే అనలేదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ షికార్ క్యాంపులను లాలా దీన్ దయాళ్ కెమెరాతో పట్టుకున్నారు. 1902లో వైస్రాయ్ కర్జన్ వరంగల్ దగ్గర నెక్కొండ అడవుల్లో వేటాడి, చంపిన పులుల పక్కన నిలబడి తీయించుకున్న ఫోటో ప్రపంచమంతా తిరిగింది. ‘తీస్ మార్ ఖాన్’ అనే మాటను కూడా జనం మహబూబ్ పాషాకే ముడిపెడతారు. ఈ తస్వీర్లు మన కళ్లల్లో ఎంత బలంగా నిలిచాయంటే, ఏ పాత ముస్లిం ఇంట్లో దునాలి కనిపించినా దాని వెనక ఒక నవాబును, ఒక పులిని ఊహించుకుంటాం. బయటివాళ్లూ అంతే, మనమూ అంతే. దీవాన్‌ఖానా గోడ మీది బందూకే మన తారీఖ్ అనుకుంటాం. కాని చిన్న రైతులు, పటేళ్లు, జాగీర్లలో నౌకరీ చేసిన గుమాస్తాలు వీటిని దేనికి పెట్టుకున్నారో ‘గరజ్’ గడిలో ఉంది.

హైదరాబాద్‌కు బందూకులతో సంబంధం పాతదే. నిజాం అలీ ఖాన్ కొలువులో ఫౌజీ అఫ్సర్‌గా పనిచేసిన ఫ్రెంచాయన మిషెల్ రేమండ్ 1795 ప్రాంతంలో ఇక్కడే తోపులు పోతపోయించాడు. గన్‌ఫౌండ్రీ అనే పేరు దాని నుంచే వచ్చింది. పాతవాళ్లు దాన్ని తోప్ కా సాంచా అంటారు. జనం ఆయన్ని మూసా రామ్ అన్నారు, మూసారాంబాగ్ అలా మిగిలింది. ఆయన 1798 మార్చిలో పోయాడు. అదే ఏడు సెప్టెంబర్ 1న నిజాం ఇంగ్లీషువాళ్లతో సంధి చేసుకున్నాడు. అక్టోబర్‌లో రేమండ్ తయారుచేసిన వేలాది మంది ఫౌజ్‌ను చుట్టుముట్టి, రక్తం చిందకుండానే హతియార్లు కింద పెట్టించారు. ఈ షహర్ చరిత్రలో అదొక మలుపు. సొంతంగా తోపులు పోసుకున్న రియాసత్ ఆ తర్వాత బర్మింగ్‌హామ్ ముద్ర ఉన్న బందూకును బొంబాయి దుకాణం నుంచి తెప్పించుకునే స్థితికి వచ్చింది. సార్ చూసిన దునాలి పట్టీ మీద మిగిలిన ‘బొంబాయి’ ఆ మలుపు తర్వాతి అక్షరం.

బందూక్ గురించి రాస్తూ అది ఎవరి వైపు తిరిగిందో చెప్పకపోతే అది తారీఖ్ కాదు. 1946 జులై 4న కడవెండిలో విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. తెలంగాణ రైతుల పోరాటం అక్కడి నుంచి హతియార్‌బంద్ అయింది. గుత్పల నుంచి, వడిసెల నుంచి బర్మార్ దాకా వెళ్లింది. 1948 ఆగస్టు 21 రాత్రి కాచిగూడలోనే, చప్పల్ బజార్ దగ్గర, షోయబుల్లా ఖాన్‌ను రజాకార్లు కాల్చారు, చెయ్యి నరికారు. తెల్లారేసరికి ఆయన ప్రాణం పోయింది. ముప్పై ఏళ్లు కూడా లేవు. ఉస్మానియాలో చదివినవాడు. ‘రయ్యత్’లో పనిచేసి, అది మూతపడ్డాక ‘ఇమ్రోజ్’ అనే సొంత ఉర్దూ అఖ్బార్ నడిపాడు. రియాసత్ ఇండియన్ యూనియన్‌లో కలవాలని రాసినందుకు ఆయన్ని చంపారు. ఇమ్రోజ్ అంటే ఈరోజు. ఒక ముస్లిం జర్నలిస్టు, ముస్లింల పేరు చెప్పుకునే వాళ్ల తూటాకు, కాచిగూడ వీధిలో పోయాడు. అదే ధందాలో ఉన్న నేను కాచిగూడలో ఏ పాత బందూకును చూసినా ఈ సంగతి పక్కన పెట్టలేను. ఈ దునాలి ఆ రాత్రిది కాదు. అది పంటచేలో ఉంది. కాని మనం షాన్‌గా చెప్పుకునే గోడ మీది బందూకుల తారీఖ్‌లో షోయబుల్లా రక్తానికీ కొమరయ్య రక్తానికీ చోటివ్వాలి.

ఇంకో వైపూ ఉంది. 1948 సెప్టెంబర్ 13న పోలీస్ యాక్షన్ మొదలైంది. 17న నిజాం ఫౌజ్ లొంగిపోతున్నట్టు ఎలాన్ అయింది. ఆ తర్వాతి వారాల్లో జిల్లాల్లో జరిగిన కత్లేఆమ్ మీద విచారించడానికి పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫ్ఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ వచ్చారు. కాజీసాబ్ కూడా మన హైదరాబాద్‌లో ‘పయామ్’ అఖ్బార్ పెట్టిన జర్నలిస్టే. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయి ఉంటారని వాళ్లు లెక్కగట్టారు. చాలాచోట్ల ఫౌజ్ ముస్లింలను కాపాడిందనీ రాశారు. ఊళ్లల్లో ముస్లింల దగ్గర హతియార్లు తీసేసుకుని, పక్కవాళ్ల దగ్గర ఉంచేసిన చోట్లు ఉన్నాయనీ రాశారు. ఆ రిపోర్టు దశాబ్దాల పాటు బయటికి రాలేదు.

తోలుసంచిలోని పర్వానా మీద చివరి మొహర్ 1357 ఫస్లీది. అంటే 1947 అక్టోబర్ నుంచి 1948 అక్టోబర్ లోపల. తర్వాతి కాగితం ఇంగ్లీషులో టైపు చేసినది, 1951ది. మధ్యలో ఖాళీ. మా నానీమా వాళ్ల నాన్న దగ్గర ఒక బర్మార్ ఉండేదట. అది కూడా పందుల కోసమే. యాక్షన్ తర్వాత ఒక రాత్రి దాన్ని గుడ్డలో చుట్టి బావిలో వేశారని, కాగితాలు పొయ్యిలో పెట్టారని నానీమా చెప్పేది. ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేది, మేం పిల్లలమే ఎదురుగా ఉన్నా సరే. మన ఇళ్లల్లో ఎన్ని బందూకులు అలా బావుల్లోకి పోయాయో, వాటి వెంట ఎన్ని ‘గరజ్’ గళ్లు కాలిపోయాయో. మిగిలింది రెండే కథలు. మనవాళ్లు చెప్పుకునే పులి కథ, ఎదుటివాళ్లు చెప్పే రజాకార్ కథ. పందిని తరిమిన రైతు కథ పొయ్యిలో పడింది.

తార్నాకలో సార్ ఇంటికి నడిచివెళ్లే దూరంలో స్టేట్ ఆర్కైవ్స్ ఉంది. షాజహాన్, ఔరంగజేబ్ కాలాల ఫార్సీ కాగితాలు, నిజాం జమానా దఫ్తర్లు అక్కడున్నాయి. కాగితాలు బాగుచేసే పనికి ఒక ఉసూల్ ఉంటుంది. చిరిగినచోట పల్చటి టిష్యూ కాగితం, జిగురు పెడతారు. రేపు తీసేయాలంటే తీయగలిగేట్టు పెడతారు. పోయిన అక్షరాన్ని తాము కొత్తగా రాయరు. పురుగు తిన్న చోటు పురుగు తిన్నట్టే ఉంటుంది. ఇకముందు తినకుండా ఆపుతారు, అంతే. సార్‌తో నేనన్నది ఇదే. ఈ దునాలిని కూడా ఒక కాగితంలాగే చూడండి అన్నాను.

ఇందులో కానూన్ కూడా మనకు ఒక సంగతి నేర్పుతుంది. 1959 ఆయుధాల చట్టం 1962 అక్టోబర్ 1న అమల్లోకి వచ్చింది. పాతబడిన, పురాతనమైన, పాడైన ఆయుధాలకు అందులో మినహాయింపు ఉంది. కాని షరతు చూడండి. మరమ్మత్తు చేసినా, చేయకపోయినా తుపాకీగా పనిచేయలేని స్థితిలో ఉంటేనే ఆ మినహాయింపు. అంటే కానూన్ కళ్లకు తుప్పు పట్టినంత మాత్రాన బందూక్ చావదు. బాగుచేయగలిగితే అది బందూకే. ‘పనిచేయదు భాయ్, గోడకు తగిలిద్దాం’ అనుకుని లైసెన్స్ లేకుండా ఇంట్లో పెట్టుకున్నవాళ్లు చిక్కుల్లో పడేది ఇక్కడే. బాగుచేయడానికీ లైసెన్స్ ఉండాలి. ఆ పని లైసెన్స్ ఉన్న కారీగర్ చేయాలి, ఇంట్లో మనం ఆకురాయి పట్టుకుని కూర్చోకూడదు. నాలీ పొడుగు కోసి తగ్గించడానికీ విడిగా ఇజాజత్ కావాలి.

కొనడం, అమ్మడం కూడా అంతే. లైసెన్స్ ఉన్న మనిషి తన సొంత బందూకును హక్కున్న ఇంకొకరికి నేరుగా అమ్మాలంటే ముందుగా పోలీస్ ఠాణాకో జిల్లా అధికారికో రాసి ఇచ్చి 45 రోజులు ఆగాలి. లైసెన్స్‌దారు ఇంతకాల్ అయితే వారసులు దాన్ని సందూక్‌లో దాచకూడదు. ఠాణాలో గాని లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గాని డిపాజిట్ చేయాలి. అక్కడి నుంచి హక్కున్నవాళ్లకు అమ్మొచ్చు, లేదా తమలో ఒకరు లైసెన్స్ తెచ్చుకుని వెనక్కి తీసుకోవచ్చు. 2019 సవరణతో ఒక్కొక్కరికి మూడు బందూకుల హద్దు రెండుకు తగ్గింది. విరాసత్‌గా వచ్చినవైనా సరే ఆ హద్దు దాటకూడదు. 1972 వన్యప్రాణి చట్టం తర్వాత షికార్ కూడా లేదు. చాలా ఖాందాన్ల దునాలీలు ఇప్పుడు బజార్లోకి రావడానికి ఇవన్నీ కారణాలే. పిల్లలు అమెరికాలోనో దుబాయ్‌లోనో ఉంటారు. లైసెన్స్ తిరగరాయించేవాళ్లుండరు. అమ్మేద్దాం అనుకుంటారు. అందులో తప్పు లేదు. కాని బందూక్ ఒకచోటికి, కాగితాలు చెత్తలోకి పోతాయి.

కాచిగూడ ఖాందాన్ బందూకును కానూన్ ప్రకారం డిపాజిట్‌లోనే ఉంచింది. సార్ తన లైసెన్స్‌లో ఎక్కించుకుని కొన్నారు. లైసెన్స్ ఉన్న ఒక ఉస్తాద్ దాన్ని చూశారు. కొత్త అఖ్రోట్ కుందా వేస్తాను, విరిగిన ఘోడా పోతపోయిస్తాను, నాలీలు నల్లగా మెరిపిస్తాను అన్నారు ముందు. సార్ వద్దన్నారు. ఉస్తాద్ మొదట మొహం చిన్నబుచ్చుకున్నారు, తర్వాత ఇష్టంగానే ఒప్పుకున్నారు. చేసిందింతే. నూనెలో నానబెట్టి మెత్తటి బ్రష్‌తో పైపొర జంగ్ తీశారు. ఇక ముందుకు పాకకుండా పలచగా నూనె పట్టించారు. పొడిబారిన కుందాకు అవిసె నూనె పట్టించారు. జాయింటు బిగించలేదు, బిగిస్తే ఎప్పుడో ఎవరో పేలుస్తారని. ఇత్తడి తీగను అలాగే ఉంచారు. కుందా విరిగిన రోజు కొత్తది కొనలేని మనిషి, పంటకాలం దాటిపోకుండా తన చేతులతో చుట్టుకున్న తీగ అది. ఆ బందూక్ మీద దాదా రాసుకున్న ఒకే ఒక్క రాత.

నా వంతు పని కాగితాలది. ఉర్దూ పర్వానాను అక్షరం అక్షరం తిరగరాసి, పక్కనే తెలుగులో తర్జుమా చేసి మూడు ప్రతులు తీశాను. ఒకటి సార్‌కి, ఒకటి నాకు. మూడోది, అసలు కాగితాల ఫోటోలతో సహా, ఆ మనవడికి. ఫస్లీ నెలల పేర్లు వరుసగా రాసిమ్మని అడిగాడు. ఆజుర్, దై, బహమన్, ఇస్ఫందార్ అని రాసిచ్చాను. అతను వాటిని ఇంగ్లీష్ అక్షరాల్లో రాసుకుంటుంటే, పక్కన ఉర్దూలో కూడా రాయించాను. ‘జే’కీ ‘జీమ్’కీ తేడా అడిగాడు. చెప్పాను.

ఇది చదువుతున్న మీ ఇళ్లల్లో కూడా ఒక సందూక్ ఉండొచ్చు, దాని అడుగున ఒక తోలుసంచి. బందూక్ ఉంటే ముందు కానూన్ దారి చూడండి. భయపడి దాచకండి, భయపడి పారేయకండి. డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి. బందూక్ ఎప్పుడో పోయి కాగితం ఒక్కటే మిగిలితే దాన్ని ఇంకా జాగ్రత్తగా చూడండి. ఉర్దూ చదవగలిగే పెద్దవాళ్లు ఇంట్లో ఉండగానే చదివించుకోండి. మీ అబ్బాజాన్, నానీమా ఆ బందూక్ గురించి ఏం చెబుతారో తారీఖు వేసి రాసుకోండి. వాళ్ల మాటకూ కాగితం మాటకూ పొత్తు కుదరకపోతే రెండూ రాయండి. ‘గరజ్’ గడిలో ఏముందో చూసి, పిల్లలకు ఆ మాట చెప్పండి. అక్కడ పులి ఉండకపోవచ్చు. జొన్నచేను ఉండొచ్చు.